మంచం కింద మొలిచిన కాయ

అమ్మా,

ఒంట్లో బాగానే ఉంది, బెంగ పెట్టుకోకు. వచ్చేటప్పుడు నువ్వు సంచిలో పెట్టిన కొబ్బరికాయను కొట్టబుద్ధి కాక మంచం కిందే ఉంచుకున్నాను. అది మొలకెత్తింది. ఊసుపోక రోజూ దానితోనే కబుర్లు. నిన్న మా కొబ్బరి పరిశోధన తోటలో చెట్లెక్కే పెద్దాయన చూసి, "ఈ ఎర్ర మొలక రకం మన దగ్గర లేదే తల్లీ! ఎక్కడిది?" అన్నాడు. చుట్టుపక్కల చెట్లన్నీ తెగులుతో పోయినా మన పెరటిది నిలబడిందని చెప్పాను. అది విని, కొత్త సంకర రకానికి అలాంటిదే కావాలంటూ మా ఆఫీసరు పట్టుకెళ్లి తోటలో నాటించేశారు. కాదనలేకపోయాను. గది బోసిపోయింది.

కాయలు చిన్నవని నాన్న ఆ చెట్టు కొట్టించేస్తానన్నారుగా, గొడ్డలి పడనివ్వకు. తమ్ముడి దగ్గు తగ్గిందా? నాన్నకు నమస్కారాలు. రాలిన కాయలు రెండు పంపు. ఒకటి తోటకిస్తాను. రెండోది ఎవరి కంటా పడనివ్వను.

నీ పిచ్చుక