అమ్మ సమాధి మీది ఊదా పూలు

మే 2, శనివారం

నోరు విప్పితే బూతులే వచ్చేలా ఉన్నాయి. అందుకే రాస్తున్నాను. పదో తారీకు ఆదివారం అమ్మల పండగ. మా టెక్సాస్ తీరంలో అందరూ తమ అమ్మల సమాధుల మీద గడ్డి పరక కూడా లేకుండా పారతో చెక్కి ఉత్త ఇసుక మిగిల్చే రోజులివి. మా అమ్మ సమాధి మీద మాత్రం ఒక రకం మొక్క నేలబారుగా పాకి ఊదా పూలు పూసింది. శ్మశానం కమిటీకి పెద్ద మా ఆడపడుచు కన్సూయెలో. ఫోటో తీసి, ఫోన్‌లో మొక్కల పేర్లు చెప్పే యాప్‌కు చూపించి, "వదినా, ఇది బయటి దేశపు కలుపట. నువ్వు పీకకపోతే నేనే పీకిస్తా" అంది. ఫోన్ చెప్పిందట! ముప్పై ఏళ్లు బడిలో మొక్కల పాఠం చెప్పిన నేను పక్కనే ఉన్నాను.

మే 3

భూతద్దంతో చూశాను. ఆకు కొసన నొక్కు. వెనక సూదితో పొడిచినట్టు చుక్కలు. నలిపితే ఘాటు వాసన. పూలకంకి కింది నుంచి పైకి విచ్చుతోంది. అనుమానం లేదు, ప్రెయిరీ క్లోవర్. ఈ ఉప్పుగాలి ఇసుకలో పుట్టిన జాతి, ఈ ఊరి కంటే పాతది. పదకొండు మొక్కలున్నాయి. శ్మశానంలో ఇంకెక్కడా లేవు.

మే 4

కన్సూయెలో భూతద్దంలోంచి చూడనంది. కళ్లజోడు మరిచిపోయిందట. నెత్తి మీదే ఉంది.

మే 6

కమిటీలో అందరి చేతా ఒక ఆకు నలిపించాను. అంపారో వాసన చూసి, "మా అమ్మ శాలువా వాసనే" అని కళ్లు ఒత్తుకుంది. కన్సూయెలో కూడా దిగొచ్చింది. "సరేలే టీచరమ్మా, నీ మొక్కను ఎవరూ చెక్కరు" అంది. గెలిచాను. రాత్రి రెండు టమాలీలు ఎక్కువ తిన్నాను.

మే 9

ఛీ.

అమ్మ సమాధి మీద పది గుంతలు. కమిటీ ఆడవాళ్లు తలా ఒకటి తవ్వుకుపోయి వాళ్ల వాళ్ల అమ్మల సమాధుల మీద నాటారు. ఇసుకలో మూరెడు దిగే వేరును వేలెడు దగ్గర తెంపేశారు. మధ్యాహ్నానికే అన్నీ తలలు వాల్చాయి. అడిగితే అంపారో నా మీదికే లేచింది. "అంత గొప్ప పువ్వు మీ అమ్మకొక్కదానికేనా? మా అమ్మ అమ్మ కాదూ?" కన్సూయెలో చచ్చిన పుల్లకు బిందెతో నీళ్లు పోస్తూ, "సాయంత్రానికి లేస్తుందిలే వదినా" అంది.

మే 10

శిలువ వెనక ఒక్కటి మిగిలింది. ఇక చేయాల్సినవి:

1. గింజ పండేదాకా రోజూ వెళ్లి చూడాలి.
2. సగం గింజలు అమ్మ దగ్గరే చల్లాలి. మిగతా సగం ఇసుక దిబ్బల్లో, ఎవరి అమ్మా లేని చోట.
3. భూతద్దం బీరువాలో పెట్టి తాళం వేయాలి.
4. ఎవరడిగినా కన్సూయెలో ఫోన్ చెప్పిందే నిజం. అది కలుపు.