బోర్డుకు కావలసిన మార్పులు

సోమవారం

ఒసేయ్ పిచ్చుకా,

బతికే ఉన్నాను. నువ్వు రాసిచ్చిన కంప్యూటరు నోటీసు బోర్డు కూడా బతికే ఉంది. సభ్యులు తొంభై ముగ్గురయ్యారు, అందరూ పాత పుస్తకాల పిచ్చివాళ్ళే. ఎవరి దగ్గర ఏ పుస్తకం ఉందో, ఎవరికి ఏ సంపుటం తక్కువైందో రాసుకోవడానికి వాళ్ళ కంప్యూటర్ల నుంచి నా ముందుగదిలోని కంప్యూటరుకు ఫోను కలుపుతారు. ఉన్నది ఒక్క లైను కాబట్టి ఒకసారికి ఒక్కరే. ఒకరు లోపలుంటే మిగతావాళ్ళకు ఎంగేజి మోతే గతి. నేను పక్క బల్ల మీద చిరిగిన పుస్తకాలు కుట్టుకుంటూ, అట్టలకు జిగురు రాసుకుంటూ, ఫోనుకు తగిలించిన మోడెమ్ కీచుమన్నప్పుడల్లా తలెత్తి చూస్తుంటాను.

విషయమేమిటంటే, నీ సాఫ్టువేరులో కొన్ని మార్పులు కావాలి. మొదటిది ఆ పది నిమిషాల గడువు. గడువు పెట్టడం మంచిదే, లేకపోతే మా లెక్కల మాస్టారు పొద్దున ఎక్కి సాయంత్రానికి గానీ దిగడు. కానీ చెప్పాపెట్టకుండా మెడపట్టి గెంటేస్తోందే నీ బోర్డు. మొన్న ఆయన ఒక పుస్తకం మీద వ్యాసమంత మెసేజీ రాస్తుంటే ఆఖరి వాక్యంలో లైను కట్ అయింది. వెంటనే ఫోను చేసి, ఒక్క నిమిషం ముందు చెప్పి చావొచ్చు కదమ్మా మీ మిషను అని నన్ను దులిపేశాడు. రెండోది కూడా దానికి సంబంధించినదే. లైను మధ్యలో తెగితే అప్పటిదాకా రాసిందంతా గాలికి పోతోంది. దాన్ని ఎక్కడో ఒకచోట దాచి, మళ్ళీ వచ్చినప్పుడు వాళ్ళ ముందు పెట్టేలా చెయ్.

మూడోది అంత ముఖ్యమైనదేమీ కాదు. లోపలికి వచ్చినవాళ్ళు టైపు చేసేదంతా నా తెర మీద అక్షరం అక్షరంగా కనిపిస్తుంది కదా, వాళ్ళు పంపకుండా చెరిపేసింది కూడా. అది తీసెయ్. పంపిన మెసేజీలు కనిపిస్తే నాకు చాలు. తొందరేం లేదు. అంటే, కుదిరితే ఈ వారంలోనే.

నాలుగోది కూడా ఒకటి అనుకున్నాను, మర్చిపోయాను. ఈ మధ్య మనసు మనసులో ఉండటం లేదు. నిన్న లైబ్రరీవాళ్ళ నిఘంటువుకు అట్ట తలకిందులుగా అతికించాను. పదిహేనేళ్ళ చేతిపనిలో ఇలాంటిది ఇదే మొదటిసారి. తడి ఆరకముందే చూసుకున్నాను కాబట్టి బతికిపోయాను.

మా ఆయన బాగానే ఉన్నాడు. రేవులో క్రేను నడపడం, నెలకోసారి ఇంటికి రావడం, అంతా మామూలే. ఈ నెల రాలేదు. పని ఎక్కువట.

జవాబు వెంటనే రాయి. ఫోను చెయ్యకు, లైను ఖాళీగా ఉండదు.

నీ జిగురుడబ్బా

&nbsp;

శుక్రవారం

పిచ్చుకా,

నీ ఉత్తరం అందింది. మొదటి రెండూ ఒక పూట పని అన్నావు, సంతోషం. మూడోదానికి మాత్రం, తెర కింద మీట ఉంటుంది, నొక్కితే ఆరిపోతుంది, దానికి సాఫ్టువేరు మార్చాలటే మొద్దూ అని వెక్కిరించావు. చదవగానే ఒళ్ళు మండింది. మీట ఎక్కడుందో నాకు తెలియదనుకున్నావా? రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకు దాని మీద వేలు పెట్టుకునే కూర్చుంటున్నాను. నొక్కలేకపోతున్నాను. చూడకుండా ఉండటం నావల్ల కావడం లేదు కాబట్టి, చూడటానికి అక్కడ ఏమీ లేకుండా చెయ్యమని నీ కాళ్ళు పట్టుకుంటున్నాను.

ఇక దాచి లాభం లేదు, రాసేస్తాను. పన్నెండున్నరకు బోర్డులోకి వచ్చేది మా ఆయన. రేవు ఆఫీసులో ఓడల రాకపోకల వివరాలు తెప్పించుకునే కంప్యూటరు ఒకటుంది. భోజనాల వేళ గుమస్తా దాన్ని ఈయనకు వదిలి వెళతాడు. ఫోనులో మాట్లాడమంటే ఈయనకు ఏనాడూ నోరు పెగలదు, అందుకని రోజూ నాకు నాలుగు ముక్కలు టైపు చేసి వెళతాడు. ఒక్క వేలితో, గింజలు ఏరుతున్నట్టు.

ఈ నెల మొదట్లో ఒకరోజు తెర మీద ఈ మాటలు వచ్చాయి. "కుడిచెయ్యి తిమ్మిరెక్కుతోంది. క్రేను లీవరు పట్టుకున్నానో లేదో తెలియడం లేదు." అక్కడ ఆగాయి. నేను చేతిలో సూది పట్టుకుని అలాగే ఉండిపోయాను. చూస్తుండగానే ఒక్కొక్క అక్షరం వెనక్కి వెనక్కి పోయి మొత్తం మాయమైంది. ఆ స్థానంలో, "భోజనం అయింది. ఎండ బాగా ఉంది. ఉంటాను" అని మెసేజీ వచ్చింది. నేనేం చెయ్యాలి చెప్పు. ఆరోగ్యం జాగ్రత్త అని జవాబు పెట్టాను. బాగానే ఉన్నాను అని మర్నాడు పెట్టాడు.

అప్పటినుంచి రోజూ ఇదే వరస. రాస్తాడు, చెరుపుతాడు, భోజనం అయిందని పంపుతాడు. రెండు వేళ్ళు మొద్దుబారాయని ఒకరోజు. మెడ దగ్గర్నుంచి లాగుతోందని ఇంకోరోజు. మొన్న బుధవారం రాసింది చదివాక నాకు అన్నం సయించడం లేదు. "ఇవాళ పెట్టె ఒక అడుగు పక్కకు దిగింది. కిందనున్నవాడు గెంతి తప్పుకున్నాడు. నన్ను చూసి నవ్వాడు." ఆయన ఎత్తి దించే ఒక్కో పెట్టె మన హాస్టలు గదంత ఉంటుందే. ఆ నవ్వినవాడికి ఇంట్లో ఎవరెవరున్నారో. అది కూడా చెరిపేశాడు. చెరిపేశాక నిమిషంపాటు ఏమీ టైపు చెయ్యలేదు. తరవాత ఎండ గురించి రాశాడు.

బస్సెక్కి వెళ్ళి రెండు చెంపలూ వాయించక ఇక్కడ కూర్చుని నాకెందుకు రాస్తున్నావే అంటావు. నాకు తెలుసు నువ్వంటావని. వెళ్ళలేను. నేనొక మాట ఇచ్చాను. మూడేళ్ళ కిందట ఆయన చొక్కా ఉతకబోతే జేబులో చిన్న నోటుబుక్కు దొరికింది, తెరిచి చదివాను. మేస్త్రీ పరీక్ష తప్పాడట. నాకు చెప్పడానికి సిగ్గుపడి, ఎలా చెప్పాలో రకరకాలుగా రాసుకుని కొట్టేసుకున్నాడు. నేనేమో ఆ సాయంత్రం ఎదురెళ్ళి, పోతే పోయిందిలెండి, మళ్ళీ రాయొచ్చు అని ఓదార్చాను. ఓదార్చానని మురిసిపోయాను కూడా. ఆయన మొహం పాలిపోయింది. "నా నోట్లోంచి వచ్చేదాకా ఆగలేవా? నాదంటూ ఒక మూల కూడా మిగల్చవా?" అన్నాడు. మళ్ళీ మామూలుగా మాట్లాడటానికి నెల పట్టింది. మీరు చేతికి ఇవ్వనిదేదీ ఇక చదవను అని అప్పుడు మాట ఇచ్చాను.

ఇప్పుడు చూడు, రోజూ పది నిమిషాలపాటు ఆ మాట తప్పుతూనే ఉన్నాను. నాకు తెలుసని చెబితే నోటుబుక్కు కథ మళ్ళీ మొదలు. చెప్పకపోతే రేపు ఆ పెట్టె ఎవరి మీదో పడుతుంది, తెలిసి కూడా నోరు మూసుకున్న పాపం నాది. ఆయన పైవాళ్ళకు ఒక ముక్క రాసి పడేద్దామా అని కాగితం కూడా తీశాను, ఆయనకు చెప్పకుండా ఆయన క్రేను ఊడబెరికినట్టవుతుందని చింపేశాను. ఒకవేళ నాకేమీ కనిపించకపోతే, ఆయన పంపిన రోజునే నాకు తెలుస్తుంది, అందరు పెళ్ళాలకూ తెలిసినట్టే. అది పిరికి బుద్ధి అని నాకూ తెలుసు. అయినా మార్పులు చేసిన డిస్కు పంపు.

నన్ను తిట్టాలనుకుంటే డిస్కుతోపాటు కాగితం మీద తిట్టి పంపు, రెండూ కలిపి తీసుకుంటాను.

నీ జిగురుడబ్బా

&nbsp;

ఆదివారం

నా పిచ్చుకా,

డిస్కు మంగళవారం అందింది. తిట్లేవీ లేవు. చిన్న చీటీ మీద, వేసే ముందు ఒకసారి ఆలోచించు అని మాత్రం రాశావు. నేను ఆలోచించలేదు. అప్పటికప్పుడు వేసేశాను.

బుధవారం పన్నెండున్నరకు మోడెమ్ కీచుమంది. తెర మీద నువ్వు పెట్టినట్టే ఒక సభ్యుడు లోపల ఉన్నట్టు ఒక వరుస, పక్కన గడియారం, అంతే. హాయిగా ఉంటుందనుకున్నాను. మూడు నిమిషాలు గడిచాయి, ఐదు, ఏడు. ఆయన అక్కడ ఏం రాస్తున్నాడో, ఏం చెరుపుతున్నాడో. తొమ్మిదో నిమిషంలో మెసేజీ వచ్చింది. భోజనం అయింది, ఎండ బాగా ఉంది. బయట చూద్దును కదా, ఇక్కడ వాన పడుతోంది. అక్కడ ఎండ ఉందో లేదో కూడా నాకు తెలియదు, ఆ మనిషికి ఎలా ఉందో అసలే తెలియదు. నా చేతులతో నేనే కళ్ళు పొడుచుకున్నాననిపించింది. పోనీ, మాట పోతే పోయింది, నెల కాకపోతే ఏడాది మాట్లాడకుండా ఉంటాడు, ఉండనీ అనుకున్నాను. ఆ సాయంత్రమంతా గదిలో ఈ గోడకూ ఆ గోడకూ తిరిగి, మర్నాడు పొద్దున్నే మొదటి బస్సు ఎక్కాను.

ఐదు గంటల ప్రయాణం. రేవు గేటు దగ్గర దిగేసరికి పన్నెండున్నర కావస్తోంది. కాపలావాడికి ఫలానావారి భార్యనని చెబితే ఆఫీసు గది చూపించాడు. గుమస్తా లేడు. తలుపు తీసే ఉంది. మా ఆయన అటు తిరిగి కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేతి చూపుడువేలితో టైపు చేస్తున్నాడు. నేను చప్పుడు చెయ్యలేదు. ఆ తెర మీద ఏముందో నాకు గుమ్మంలోంచే కనిపించింది.

"ఉన్నావా?"

అంతే రాశాడు. కాసేపు దాన్నే చూశాడు. చెరిపేశాడు. మళ్ళీ అదే రాశాడు. ఇంట్లో నా తెర ముందు ఖాళీ కుర్చీ ఉంది పిచ్చుకా. ముందురోజు నేను కుర్చీలో ఉండి కూడా ఖాళీయే. ఆ తొమ్మిది నిమిషాలూ ఆయన ఇలాగే అడిగాడేమో.

"ఉన్నాను" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి, లేవబోయి, కుడిచేతికి పట్టు దొరక్క మళ్ళీ కూలబడ్డాడు. నేను ముందు నా నేరం ఒప్పుకున్నాను. చెరిపినవి కూడా నాకు కనిపించేవనీ, మొదటి రోజు నుంచీ అన్నీ చదివాననీ, ఇక మీ ఇష్టమనీ గబగబా చెప్పేశాను. ఆయన ఎడమచేత్తో కుడిచేతిని ఒళ్ళోకి తీసుకున్నాడు. తరవాత, "తెలుసు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. బోర్డు పెట్టిన మొదటి వారంలో ఇంటికి వచ్చినప్పుడు నేనే తెర ముందు కూర్చోబెట్టి, చూడండి, మాస్టారు తప్పు రాసి దిద్దుకోవడం కూడా కనిపిస్తోంది అని చూపించానట. నాకసలు గుర్తే లేదు. ఆయనకు గుర్తుంది.

"పంపితే చెప్పినట్టవుతుంది. నాకు నోరు రావడం లేదు. నువ్వు చూసి అడిగితే ఒప్పుకుందామని రాసేవాణ్ణి. నువ్వేమో అడగవు. ఎండలో తిరక్కండి అని రాస్తావు" అన్నాడు.

చదవనని మీకు మాట ఇచ్చాను కదా అని ఏడ్చాను. అవును, గుమస్తా తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నా సరే, ఏడ్చాను. మా ఆయన నా వంక వింతగా చూసి, "ఏదో కోపంలో అన్నాను. ఇంత గట్టిగా నిలబెట్టుకుంటావని ఎవరనుకున్నారు" అన్నాడు. ఆ మాటకు నవ్వాలో, ఆ కంప్యూటరు ఎత్తి నెత్తిన కొట్టాలో తెలియలేదు. ఇరవై రోజులపాటు ఒకరి మర్యాద ఒకరం కాపాడుకుంటూ కూర్చున్నాం, కింద ఎవడో ఒకడు గెంతి తప్పుకుంటూ ఉన్నాడు.

ఆ రోజు ఆయన మళ్ళీ క్రేను ఎక్కలేదు. నేను అనకముందే తనే లేచి పైఅధికారి గదికి వెళ్ళాడు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. వచ్చి, చెప్పేశాను అన్నాడు. మర్నాడు డాక్టరు మెడ ఫొటోలు తీయించాడు. నరం నలుగుతోందట, ఆపరేషన్ చెయ్యాలి. చేసినా చేతికి పాత పట్టు వస్తుందో రాదో చెప్పలేనన్నాడు. క్రేను సంగతి ఇక మర్చిపోవలసిందే కావచ్చు. నాకు చాలా భయంగా ఉంది. అయినా మొన్నటి భయం కంటే ఇది నయం, దీన్ని ఇద్దరం కలిసి పడుతున్నాం. ఆయన ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. అట్టలకు జిగురు రాయమని ఎడమచేతికి కుంచె ఇస్తే ఒళ్ళంతా పూసుకున్నాడు.

ఇక బోర్డు విషయం. మూడో మార్పు వద్దు, పాతదే మళ్ళీ పెట్టు. అలాగని పాతదే సరైనదని కాదు. నా తెర మీద వాళ్ళు కనిపిస్తుంటే, వాళ్ళ తెర మీద నేను కనిపించాలి కదా? అట్టడుగున ఒక్క వరుస చాలు. బోర్డు నడిపే మనిషి కుర్చీలో ఉందో లేదో, వాళ్ళు రాస్తున్నది చూస్తోందో లేదో అక్కడ తెలియాలి. చూడొద్దు అనుకున్నవాళ్ళు ఒక మీట నొక్కితే నా తెర ఆరిపోవాలి. అడగాలనుకున్నవాళ్ళు ఇంకో మీట నొక్కితే ఇక్కడ గంట మోగాలి, నేను సూది పక్కన పెట్టి అక్కడికక్కడే జవాబు చెప్పాలి. ఎన్ని పూటల పని అయినా సరే, ముందు ఇది చెయ్. మాస్టారి గడువు సంగతి తరవాత చూసుకోవచ్చు.

ఉత్తరం పూర్తి కాకముందే మా ఆయన పక్కకు వచ్చి కూర్చున్నాడు. కాగితాలు ఆయన చేతికిచ్చి చదవమన్నాను. రెండుచోట్ల రాసి కొట్టేశాను, అవి వదిలెయ్యమన్నాను. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని ఆ రెండూ కూడా చదువుతున్నాడు. చదవనీ.

నీ
జిగురుడబ్బా