దగ్గు బటన్ మీద బొటనవేలు

జూన్ 29, ఆదివారం. సాయంత్రం 6.

రేపటి నుంచి వింబుల్డన్. రేపటి నుంచి డెస్మండ్ పిల్బీమ్ అనే నేను, టీవీ టెన్నిస్ వ్యాఖ్యాతను, వయసు అరవై ఒకటి, నోరు మూసుకుంటాను!

ఇవాళ మా ప్రొడ్యూసర్ ఫిలిప్పా టీకి పిలిచింది. నా కూతురంత ఉంటుంది. నిరుడు నా మీద వచ్చిన ఫిర్యాదు ఉత్తరాల కట్ట బల్ల మీద పెట్టింది. మూడు వందల పన్నెండు. ‘ఆ పెద్దమనిషి నోట్లో బంతి కుక్కండి’ అని బాత్ అనే ఊరి నుంచి ఒకాయన రాశాడు.

“డెస్మండ్ గారూ, మనది టీవీ. జనానికి కళ్ళున్నాయి. బంతి ఆటలో ఉన్నంతసేపు ఒక్క ముక్క మాట్లాడకండి. అలా ఉంటే మహిళల ఫైనల్ మీదే. లేకపోతే వచ్చే ఏడాది మైకు ఉండదు.”

ఇరవై రెండేళ్ళుగా మూలనున్న పద్నాలుగో నంబరు కోర్టే నా లోకం. ఫైనల్ ఒక్కటంటే ఒక్కటి చెప్పాలి. చెప్తాను!

సరంజామా: నోరు కట్టేయడానికి పిప్పరమెంట్లు, ఆరు పొట్లాలు.

జూన్ 30, సోమవారం.

అద్భుతం! మూడు సెట్లు, బంతి ఆటలో ఉండగా ఒక్క మాట లేదు. హెడ్‌ఫోన్లో ఫిలిప్పా: “బంగారం!” బహుమతిగా స్ట్రాబెర్రీలు, రెండు గిన్నెలు. ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో మానేసేవాణ్ణి.

పిప్పరమెంట్లు: నాలుగు పొట్లాలు అయిపోయాయి.

జూలై 1, మంగళవారం.

వాన. కోర్టు మీద పట్టా కప్పారు. రెండు గంటల పది నిమిషాలు ఆపకుండా మాట్లాడాను. వ్రతభంగం కాదు. బంతి ఆటలో లేదు కదా!

జూలై 2, బుధవారం. మధ్యాహ్నం 3.

కడుపు ఉబ్బరం. మాటల వల్లో, పిప్పరమెంట్ల వల్లో తెలియదు.

3.40: కనిపెట్టాను! మైకు పక్కన దగ్గు బటన్ ఉంటుంది. నొక్కి పట్టుకుంటే మన దగ్గు టీవీలో వినబడదు. దగ్గే కాదు, ఏదీ వినబడదు! బటన్ నొక్కి ప్రతి దెబ్బా బెరిల్‌కి చెప్పాను. బెరిల్ ఒకప్పటి క్రీడాకారిణి, గదిలో నా పక్క కుర్చీ.

“డెస్, నాకూ కళ్ళున్నాయి తండ్రీ,” అంది. “నా చెవులేం పాపం చేశాయి?”

జూలై 4, శుక్రవారం.

పేపర్లో రెండు లైన్లు: ‘మౌనం విలువ తెలిసిన వ్యాఖ్యాత.’ కత్తిరించి పర్సులో పెట్టుకున్నాను. బొటనవేలు వాచింది. బెరిల్ చెవుల్లో దూది.

జూలై 6, ఆదివారం. ఉదయం 9.

స్కార్‌బరో నుంచి విన్నీ అక్క ఫోన్. చిన్నప్పుడు గోడకేసి బంతి కొడుతూ నాకు ఆట నేర్పింది తనే. రెండేళ్ళయింది, చూపు పూర్తిగా పోయింది.

“ఒరేయ్ డెస్, ఒంట్లో బాలేదా? టక్, టక్, టక్... తర్వాత చప్పట్లు. కొట్టిందెవరో, చప్పట్లెవరికో ఏం తెలిసి చావదు.”

“రేడియోలో అన్నీ చెప్తారు కదే.”

“చెప్తారు. రేడియోలో నువ్వుండవు కదరా.”

సంగతి చెప్పాను. “ఫైనల్ ఇస్తారా? అయితే నోరు మూసుకునే ఉండు. నా సంగతి వదిలెయ్,” అంది.

టోస్టు తినలేకపోయాను. మూడు వందల పన్నెండు ఉత్తరాలు చదివినప్పుడు కూడా ఇంత సిగ్గనిపించలేదు.

జూలై 7, సోమవారం.

బంతి ఆటలో ఉండగా “ఎడమ మూలకి” అన్నాను. రెండు మాటలు. రెండు మాటల్ని మాట్లాడటం అనరు.

జూలై 8, మంగళవారం.

పదకొండు మాటలు. గొంతు సవరించుకుంటుంటే వచ్చాయి.

జూలై 9, బుధవారం.

“అబ్బా, ఏం కొట్టిందీ!” అన్నాను. అది వ్యాఖ్యానం కాదు, ఆశ్చర్యం. ఆశ్చర్యానికి మినహాయింపు ఉండాలి.

ఫిలిప్పా: “డెస్మండ్ గారూ, వింటున్నాను.”

మళ్ళీ బటన్. ఈసారి ఎడమ బొటనవేలు.

జూలై 11, శుక్రవారం.

ఫైనల్ నాదే! కొత్త టై కొన్నాను. అక్కకి చెప్పాను. “గట్టిగా ఊపిరి కూడా పీల్చకు,” అంది.

జూలై 12, శనివారం. సాయంత్రం 7.

మొదటి సెట్: బటన్ మీద బొటనవేలు, శ్మశానమంత మౌనం. చెవిలో ఫిలిప్పా మెచ్చుకోళ్ళు.

రెండో సెట్, మ్యాచ్ పాయింట్. బల్గేరియా అమ్మాయి, డెన్మార్క్ అమ్మాయి. బంతి అటూ ఇటూ ఇరవై ఏడు సార్లు. పదో దెబ్బకి అక్క గుర్తొచ్చింది. టీవీకి చెవి ఆనించి కూర్చుని ఉంటుంది. టక్, టక్, టక్.

తర్వాత నా గొంతు దేశమంతా వినబడింది. “కుడి మూలకి, లాగి కొట్టింది బల్గేరియా పిల్ల, డెన్మార్క్ పిల్ల పరిగెత్తుతోంది, అందుకుంది! పైకి లేపింది, గాలి తోస్తోంది, గీత మీద పడింది! బల్గేరియా పిల్ల జారింది, మోకాలు నేల మీద, అలాగే కొట్టింది, వలకి తగిలి అటు పడింది! అయిపోయింది! పడుకుని ఏడుస్తోంది పిచ్చితల్లి!”

ఆ ఊపులో మళ్ళీ బటన్ నొక్కడం మరిచిపోయాను. ముందు వరుసలో టోపీ పెద్దాయన నిద్రపోతున్నాడనీ, నా కొత్త టై పీక నొక్కుతోందనీ కూడా దేశమంతా విన్నదట.

“బటన్! బటన్!” అని చెవిలో అరుపులు. బెరిల్ మాత్రం దూది తీసేసి వింటోంది.

వేలు జారిందని ఫిలిప్పాకి చెప్పాను. డైరీకి అబద్ధమెందుకు? బటన్ మీంచి వేలు నేనే తీశాను.

ఫిర్యాదులు ఇప్పటికి నాలుగు వందల ఆరు. వచ్చే ఏడాది మైకు లేదు. ఏడుపొచ్చింది. అప్పుడే ఫోన్ మోగింది.

“ఒరేయ్,” అంది అక్క. “ఇవాళ మ్యాచ్ చూశాన్రా.”

జూలై 13, ఆదివారం. ఉదయం 8.30. కింగ్స్ క్రాస్ స్టేషన్, స్కార్‌బరో వెళ్ళే రైలు కోసం.

కొత్త నిర్ణయం. మైకు ఉన్నా లేకపోయినా, బంతి ఆటలో ఉండగా ఇక ఒక్క ముక్క మాట్లాడను. ఇది ఒట్టు. ఫిలిప్పాకి ఉత్తరం కూడా రాస్తాను, మళ్ళీ పద్నాలుగో నంబరు కోర్టైనా ఇమ్మని.

రేపటి నుంచి మొదలు. ఇవాళ కుదరదు. సాయంత్రం పురుషుల ఫైనల్ అక్క పక్కన కూర్చుని చూడాలి. టీవీ గొంతు పూర్తిగా తగ్గించి పెడుతుందట.

పిప్పరమెంట్లు: కొనలేదు.