పొగ రాలేదని ఒకసారి, వచ్చిందని ఒకసారి: మా పొయ్యి గురించి గువ్వలంక ఏలీయా అర్జీ

పొగ తగ్గించే పొయ్యిల పథకం ప్రత్యేకాధికారి గారి సముఖమునకు,
ఏలూరు.

గువ్వలంక గ్రామం, చర్చిపేట కాపురస్తుడు, రిటైర్డు అటెండరు ఏలీయా రాసుకున్నది.

అయ్యా,

విషయం: మా ఇంటి పొయ్యి నుంచి పొగ రావడం లేదన్న కారణంగా ఒకసారి, వచ్చుచున్నదన్న కారణంగా మరొకసారి, సదరు పొయ్యిని వెనక్కి తీసుకొనుటకు జారీ అయిన ఉత్తర్వులను నిలుపుదల చేయుట గురించి. అతి తొందర.

ముందుగా నా రాతను మన్నించవలెను. ముప్పై ఒక్క సంవత్సరాలు మండల కార్యాలయంలో అటెండరుగా పనిచేసి కొన్ని వేల అర్జీలు ఈ బల్ల మీద నుంచి ఆ బల్ల మీదికి మోసితిని గాని, స్వయంగా రాయడం ఇదే ప్రథమం. అప్పట్లో చదివిన మంచి మాటలన్నీ ఇందులో వాడదలచాను. ఎక్కడైనా ఒకటి ఎక్కువైతే తమరు కొట్టివేయవచ్చును.

దీనిని మా అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. నా పక్కనే తమ కార్యాలయ పరిశీలకులు శ్రీ మధుబాబు గారు కూర్చుని ఉన్నారు. ఆయన పొయ్యిని పట్టుకుపోవడానికి వచ్చారు. చల్లారగానే పట్టుకుపోతారు. చల్లారకుండా నా భార్య చూస్తోంది. అందుచేత వేగంగా రాయుచున్నాను.

1. పొయ్యి ఏల కావలసి వచ్చినది:

నా భార్య స్టెల్లా మా చర్చి క్వయర్‌లో మొదటి గొంతు. ఆమె ఎత్తుకుంటేనే మిగతావాళ్ళు అందుకునేవారు. పాత మట్టిపొయ్యి పొగకు దగ్గు పట్టుకుని, గొంతు బొంగురుపోయి, ఆరేళ్ళపాటు క్వయర్‌లో నిలబడి పెదవులు మాత్రం కదిపేది. ఈ సంగతి పక్కన నిలబడ్డవాళ్ళకు తెలుసు. నాకు తెలుసు. ఏలూరులో డాక్టరు గారు చూసి, "మందులు తర్వాత రాస్తానండీ. ముందు ఆవిడ్ని ఆ పొగలోంచి బయటికి తీసుకురండి" అన్నారు.

గ్యాసు లేదా అని తమరు అడగవచ్చును. ఉన్నది. టీకి ఉన్నది. వానాకాలంలో మా లంకకు రోడ్డు మునిగితే సిలిండరు అవతలి గట్టు మీదే ఆగిపోవును. అదీగాక, గ్యాసు మీద చేపలు ఉడుకుతాయే గాని పులుసు కుదరదని నా భార్య అభిప్రాయం. మా ఇంట్లో దానిమీద అప్పీలు లేదు.

2. ఎంపిక గురించి:

తాడేపల్లిగూడెంలో పొయ్యిల ప్రదర్శన పెట్టారని తెలిసి ఇద్దరం వెళ్ళితిమి. ఉత్త చేతులతో కాదు. అన్నం గిన్నె, పులుసు దాక వెంట పట్టుకుని వెళ్ళితిమి. బస్సులో కండక్టరు ఆ గిన్నెలు చూసి "వంట ఎక్కడండీ అమ్మగారూ?" అని అడిగాడు. "పొయ్యి దొరికిన చోట బాబూ" అంది.

అక్కడ మూడు రకాలు ఉన్నవి. మొదటిదానికి అడుగున చిన్న ఫ్యాను. మంట చూడముచ్చటగా ఉంది. కానీ దాని బ్యాటరీకి కరెంటు కావాలి. "మా ఊళ్ళో కరెంటు పోయినప్పుడల్లా పస్తుండాలా అండీ?" అని నా భార్య దాన్ని తోసిపుచ్చింది. రెండోదానికి పొగగొట్టం. మంచిదే. కానీ మా రేకుల కప్పుకు కన్నం పెట్టాలి. ఆ కన్నంలోంచి పొగ పైకి పోతుందో లేదో గాని వాన కిందికి రావడం ఖాయం. మూడోది ఇనుప డొల్ల. లోపల కాల్చిన మట్టి. కట్టెలు పెట్టడానికి చిన్న నోరు, కట్టెల కింద నుంచి గాలి ఆడేలా ఇనుప ఊచలు.

నా భార్య మా దాకను దానిమీద పెట్టింది. వంగి, దాక అడుగుకూ పొయ్యి అంచుకూ మధ్య వేలు పెట్టి చూసింది. ఒక వేలు పట్టింది. రెండో వేలు పట్టలేదు. "ఇదేనండీ" అంది. మంట గిన్నెకు తగలాలి గాని పక్కలకు పారిపోకూడదని అక్కడి ఇంజనీరు గారు చెప్పబోయారు. అప్పటికే మేము సంతకం పెట్టేశాము.

3. నిర్వహణ గురించి:

రోజూ పొద్దున్నే బూడిద తీయుట నా విధి. రిటైరయ్యాక నాకు దక్కిన ఒకే ఒక్క హోదా ఇది. బూడిద పేరుకుంటే కింది గాలి ఆగిపోయి, మంట నీరసించి, పొగ పుట్టును. ఆదివారం చర్చి నుంచి వచ్చాక లోపలి మట్టి చూస్తాను. బీట కనబడితే బంకమట్టిలో ఊక బూడిద కలిపి మెత్తుతాను.

కట్టెలు చెరువుగట్ల మీద కొట్టేసిన సర్కారు తుమ్మ. వాటిని బొటనవేలి లావున చీల్చి, రెండు నెలలు అటక మీద ఆరబెట్టవలెను. ఆరినదీ లేనిదీ నా భార్య రెండు కట్టెలను ఒకదానితో ఒకటి కొట్టి, చెవితో తేల్చును. ఠంగుమంటే పొయ్యికి. దబ్బుమంటే అటకకు. నా చెవికి రెండూ ఒక్క తీరుగానే వినబడును. ఈ విషయమై నాకు మౌఖిక హెచ్చరికలు చాలాసార్లు అందినవి.

4. తదుపరి జరిగినవి:

పొగ పోయింది. మొదటి చిక్కు అక్కడే వచ్చినది. మా పేటలో పొద్దున్నే ఏ ఇంటి మీద పొగ లేదో ఆ ఇంట్లో పొయ్యి రాజెయ్యలేదని లెక్క. రాజెయ్యలేదంటే ఎవరో పోయారని లెక్క. అలాంటి ఇంటికి ఇరుగుపొరుగే అన్నం తెస్తారు. కొత్త పొయ్యి వచ్చిన మూడోనాడు పక్కింటి సలోమి గిన్నెడు అన్నం, చారు పట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"వదినగారూ, అన్నయ్యగారు ఎప్పుడు పోయారండీ?"

"ఇంకా పోలేదండీ, పళ్ళు తోముకుంటన్నారు" అంది నా భార్య.

నేను నోటి నిండా నురగతో దండం పెట్టాను. తెచ్చింది వెనక్కి పట్టుకెళ్ళకూడదని సలోమి, వద్దనకూడదని మేము. నా చావు పేరు చెప్పి నేనే రెండుసార్లు చారు పోసుకున్నాను. చాలా బాగుంది. ఈలోగా ప్రార్థన చేయడానికి పాస్టరు గారు బైబిలు పట్టుకుని రానే వచ్చారు. ఆయనకూ వడ్డించాము.

నెల తిరిగేసరికి దగ్గు తగ్గింది. మట్టల ఆదివారం నాడు నా భార్య క్వయర్‌లో నిలబడి, పెదవులు కదుపుతుందనుకుంటే, గొంతు విప్పింది. అయ్యా, చర్చి అంతా అటే తిరిగి చూసింది. నేను కళ్ళజోడు తీసి తుడిచాను. మసక కళ్ళజోడుది కాదని తెలిశాక కళ్ళు తుడుచుకున్నాను. ఆనాటి నుంచీ ఇంట్లో పాటే పాట. బియ్యం కడుగుతూ పాడుతుంది, చేప తోముతూ పాడుతుంది, నన్ను తిట్టినా రాగంలోనే తిడుతుంది. పట్టలేని సంతోషంలో నేనూ అందుకోబోతే, "మీరు బూడిద తియ్యండి" అంటుంది. తీస్తున్నాను. ఇంత సుఖంగా నేను ఎప్పుడూ లేను.

5. తమ కార్యాలయం వారి మొదటి పరిశీలన:

ఆగస్టు 9వ తేదీన మధుబాబు గారు వచ్చారు. మా రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. అందుచేత అవతలి చెరువుగట్టు మీద నిలబడి, ఏ ఇంటి మీద పొగ వస్తోందో చూసి, వాడకం ఫారం నింపుకుని వెళ్ళిపోయారు. ("కొత్త బూట్లండీ" అని ఇప్పుడు నా పక్క నుంచి చెబుతున్నారు. న్యాయమే.) మా వీధిలో ఇదే పథకం పొయ్యిల్లో పచ్చి దుంగలు కుక్కి పేటంతా పొగబెట్టే ఆరు ఇళ్ళవారు "సక్రమంగా వాడుచున్నారు". మా ఇంటికి ఎదురుగా "పొగ లేదు, పొయ్యి వాడుకలో లేదు". వాడని పొయ్యిని తిరిగి అప్పగించవలెనని నోటీసు వచ్చింది.

6. ఇక నా తప్పు:

సలోమి సలహా ఇచ్చింది. "పొగే కావాలంటే ఎంతసేపండీ అన్నయ్యగారూ! నాలుగు పచ్చికట్టెలు పడెయ్యండి" అంది. ప్రభుత్వ ఉద్యోగం చేసినవాణ్ణి. ఫారం ఏది అడిగితే అది ఇవ్వాలని అనుకున్నాను. నా భార్య వద్దంది. వినలేదు. ఆగస్టు 23న మధుబాబు గారు మళ్ళీ వస్తున్నారని తెలిసి, పచ్చి తుమ్మ, తడి కొబ్బరిపీచు కుక్కి రాజేశాను. అవతలి గట్టుకేమిటి, కొల్లేరు అవతలి ఒడ్డుకు కూడా కనబడేంత పొగ.

కానీ ఈసారి ఆయన బూట్లు చేత్తో పట్టుకుని, నీళ్ళలో నడిచి, ఇంట్లోకే వచ్చారు. దగ్గుతూ దగ్గుతూ సంచిలోంచి ఇంకో ఫారం తీశారు. అది నాణ్యత ఫారం. అందులో పొగ ఉంటే పొయ్యి లోపభూయిష్టం. లోపమున్న పొయ్యిని వెనక్కి తీసుకోవలెను. "ఇది పొయ్యి తప్పు కాదండీ, నా తప్పు" అన్నాను. "అయ్యో, ఆ గడి ఇందులో లేదండీ" అన్నారు.

నా భార్య మూడు రోజులు దగ్గింది. ఆ ఆదివారం క్వయర్‌లో మళ్ళీ పెదవులు కదిపింది. నేను తలెత్తి చూడలేకపోయాను. ముప్పై ఒక్క ఏళ్ళలో నా మీద ఒక్క ఫిర్యాదు లేదు. ఇది మాత్రం నా మీద నమోదు చేయవలసినదిగా కోరుచున్నాను.

7. ఈరోజు, అనగా సెప్టెంబరు 2వ తేదీ:

దేవుని దయవల్ల గొంతు మళ్ళీ తేరుకుంది. పొద్దున్న పది గంటలకు మధుబాబు గారు ఆటో మాట్లాడుకుని వచ్చారు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. వేడి వస్తువును ఆటోలో ఎక్కించరాదట. "ఆయ్, అలాగే, దిగేదాకా కూర్చుంటానండీ" అన్నారు. అన్నం దిగింది. నా భార్య పులుసు ఎక్కించింది. పులుసు దిగేలోగా సలోమి పాలు తెచ్చింది. పాల వెనక ఎవరిదో పప్పు, పప్పు వెనక డజను గుడ్లు, గుడ్ల వెనక ఒక ముసలమ్మ మోకాలికి కాపడం నీళ్ళు. ఇప్పుడు మూడయ్యింది. మా అరుగు మీద గిన్నెలు పట్టుకుని పదకొండు మంది వరుసలో ఉన్నారు. ఇది ప్రభుత్వ విధులకు ఆటంకం కాదు. ప్రభుత్వం ఇచ్చిన వస్తువును విరివిగా వినియోగించుట. మధుబాబు గారు రెండుసార్లు భోంచేశారు. పులుసు బాగుందన్నారు. అయినా పొయ్యి తప్పదంటున్నారు. ఆటో అయిదున్నరకు వెళ్ళిపోవును.

కావున తమరు దయతో,

(అ) మా పొయ్యిని మాకు ఉంచవలెను.

(ఆ) పొగ ఉన్నా లేకున్నా పొయ్యి పోయేలా ఉన్న సదరు రెండు ఫారాలను ఒకదానికొకటి పరిచయం చేయవలెను.

(ఇ) నమ్మకం కలగనిచో స్వయంగా విచ్చేసి, మండుతున్న మా పొయ్యి మీద తమ ముఖం పెట్టి చూడవలెను. కళ్ళు మండితే నేనే పొయ్యి మోసుకొచ్చి తమ కార్యాలయంలో అప్పగిస్తాను.

తీరిక లేకపోయినా దీనిని చిత్తగించవలెనని వేడుకుంటూ,

రిటైరైనా మారని
తమ విధేయుడు,
ఏలీయా

తా.క.: అయ్యా, నాలుగున్నరకు ఎండుకట్టెలు అయిపోయాయి. పచ్చివి ఉన్నాయి. అవి పెడితే అయిదున్నర దాటించవచ్చని సలోమి అంది. నేను పెట్టనివ్వలేదు. వరుసలో ఉన్నవాళ్ళు గిన్నెలు పట్టుకుని వెళ్ళిపోయారు. పొయ్యి చల్లారింది. నేనే బూడిద తీసి, తుడిచి, "పట్టుకెళ్ళండి బాబూ" అన్నాను.

మధుబాబు గారు రెండు చేతులూ పొయ్యికి వేసి, ఎత్తకుండా ఆగిపోయారు. వెనక పెరట్లో నా భార్య దాక తోముతూ, మేము వింటున్నామని తెలియక, పాడుకుంటోంది. చివరి చరణం దాకా ఆయన కదల్లేదు.

తర్వాత నాతో అన్నారు. "మా అమ్మది తాడేపల్లిగూడెం బస్టాండు దగ్గర ఇడ్లీ కొట్టండీ. వెంకటనరసమ్మ అంటే అందరికీ తెలుసు. కట్టెల పొయ్యేనండీ. మా అమ్మ పాడగలదో లేదో నాకు తెలీదండీ. నాకు ఊహ తెలిసిన కాడ్నుంచీ దగ్గే."

నా భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మీ అమ్మగారి ఇడ్లీ గిన్నె అడుగు వెడల్పెంత బాబూ?" అని అడిగింది. ఆయన చేతులు చాపి చూపించారు. పొయ్యి ఉన్న చోటే ఉంది. ఇప్పుడు ఇద్దరూ ఖాళీ ఆటో దగ్గర నిలబడి, రెండు కట్టెలు కొట్టి చూసుకుంటున్నారు. ఆయన చెవి నాకన్నా నయం.

వాడకం ఫారంలో "పొగ: ఉన్నది / లేదు" అని అచ్చువేసిన చోట మధుబాబు గారు రెండు మాటలూ కొట్టివేసి, పక్కన తన చేతిరాతతో "పాట ఉన్నది" అని రాసి, సంతకం చేసి, తేదీ వేశారు.

సదరు ఫారం దీనికి జతపరచడమైనది.