నువ్వు సాదిన బ్యాక్టీరియా

తమ్ముడూ మల్లేశం,

కరోనా నిన్ను తీసుకుపోయి నేటికి ఏడాది. మీ వదిన కాలిపుండు మూడు నెలలుగా మానకపోతే, డాక్టరు చీము తీసి నువ్వు అటెండరుగా పనిచేసిన యూనివర్సిటీకి పంపాడు. మనం నేతపనిలో తెలియని నూలును నమూనా పోగు పక్కన పెట్టి పోల్చినట్టే (నీకు ఆ పనీ రాలేదు, పోనీలే), అక్కడ తెలియని బ్యాక్టీరియాను పేరున్నదాని పక్కన పెంచి గుర్తుపడతారట. పేరు తెలిసింది, మందు మారింది, పుండు మానింది.

లాక్‌డౌన్‌లో రోజూ మన బస్తీ ఆల్థాన్ నుంచి నడిచివెళ్లి ఆ పేరున్న బ్యాక్టీరియా సీసాల్లో మేత మార్చేవాడివి. "పురుగులను సాదనీకి పాణం మీదికి తెచ్చుకుంటవా రా?" అని తిట్టాను. ఇప్పుడు పోల్చి చూసింది నువ్వు బతికించినదానితోనేనని అక్కడి మేడమ్ చెప్పింది.

మీ వదిన ఇవాళ చెప్పులు తొడుక్కుంది. "మా మరిది సాదినయి ఎట్లుంటయో చూసొద్దాం పాండ్రి" అంటోంది.