ఫోటోకిచ్చిన కుందేలు

బాబాయ్,

మీరు నన్ను తీయమన్న క్రిస్మస్ ఫోటోలు పంపడం లేదు. నిన్న పిల్లల వార్డులో మీరు బొమ్మలు పంచి, అందరి తలలూ నిమిరి కారెక్కారు. వెంటనే మీ సెక్రటరీ సంచి తెరిచి, "బొమ్మలన్నీ ఇందులో వేయించమ్మా, ఇంకా రెండు ఆసుపత్రుల్లో ఫోటోలు దిగాలి" అన్నాడు. నేనే సంచి పట్టుకుని మంచం మంచానికీ తిరిగాను.

కాలికి కట్టుతో ఉన్న ఐదేళ్ల పాప తన కుందేలు బొమ్మని తనే సంచిలో పెట్టింది. "చలేస్తుందని నా రుమాలు కప్పానక్కా. అక్కడి పిల్లలు ఆడుకున్నాక తాతయ్య మళ్లీ తెచ్చిస్తారు కదా?" అంది. తెస్తారన్నాను. చటుక్కున కళ్లు మూసుకుని, "యేసయ్యా, బొమ్మల తాతయ్యని చల్లగా చూడు, ఈ అక్కని కూడా" అంది.

అర్హత లేనివాళ్లకి దొరికేదే కృప అంటారు. మనిద్దరికీ దొరికింది బాబాయ్. తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

పాపని రేపు పదింటికి ఇంటికి పంపేస్తారు. ఆ కుందేలుని వెతికి, మీరే తెచ్చివ్వండి. మిమ్మల్ని చూసి పాపేం ఆశ్చర్యపోదు. మీరొస్తారనే కూర్చుని ఉంటుంది.

మీ అన్నగారమ్మాయి