పోమా కుర్చీ ఇంకొకరికి ఇవ్వవద్దని మనవి

పెద్దాసుపత్రి డయాలసిస్ విభాగం సూపరింటెండెంటు గారి సముఖమునకు, కోకో కొనుగోలు గోదాములో తూకం గుమాస్తాగా పనిచేసి విరమించిన క్వాసి అమోకో వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా భార్య అకోసువా పోమాకు తమ విభాగంలో కేటాయించిన కుర్చీని రద్దు చేయరాదనియు, ఆమె ఒంట్లోకి నీరు ఎట్లు చేరుచున్నదో నేను స్వయముగా విచారించి కనుగొన్న సంగతులను గూర్చియు.

ఈ కాగితం తమ చేతికే చేరుతుందన్న నమ్మకం నాకు లేదు. తమ గుమ్మం దగ్గర కూర్చునే గుమాస్తా నన్ను చూసే చూపు మంచిది కాదు. అందుచేత దీనికి నకలు తీసి మా చర్చి పాస్టరు గారి దగ్గర ఉంచాను. పాస్టరు గారిని పూర్తిగా నమ్మి కాదు, ఆయన బీరువాకు తాళం ఉన్నందున.

1. నా భార్య మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానినవి. తమ యంత్రమే ఆమె రక్తం కడిగి, చేరిన నీరు లాగుచున్నది. ఇందుకు సదా కృతజ్ఞుడను. అయితే కొంతకాలంగా యంత్రానికి తగిలించే ముందు తూచినప్పుడెల్లా ఆమె ఉండవలసినదానికన్నా చాలా ఎక్కువ తూగుచున్నది. సిస్టర్ డోర్కస్ గారు అందరి ఎదుట, "ఏమ్మా, వస్తూ వస్తూ వాగులో మూతి పెట్టొచ్చావా?" అన్నారు. పక్క కుర్చీల వాళ్ళు నవ్వారు. ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్ళకు నవ్వుకోవడానికి ఏదో ఒకటి కావాలి, కాదనను. కానీ నవ్వింది నా భార్యను చూసి.

2. అంత నీరు ఒక్క పూటలో లాగితే ఏమవుతుందో తమకు చెప్పనక్కరలేదు. అయినా చెబుతాను, పక్కన నిలబడి చూసేది నేను గనుక. పిక్కలు పట్టేసి కేకలు పెడుతుంది. రక్తపోటు పడిపోయి కళ్ళు తేలేస్తుంది. మొన్న నీరు ఊపిరితిత్తులకు ఎక్కి, పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చుంది. నేను వీపు నిమిరాను. వీపు నిమరడం తప్ప నాకు ఏ వైద్యమూ రాదు. దరిమిలా ఆమె చీటీపై "రోగి మాట వినదు" అని వ్రాయబడినది. ఇంకొకసారి ఇట్లు వచ్చినచో కుర్చీ బయట వేచియున్న వారికి ఇవ్వబడునని సిస్టర్ గారు నోటిమాటగా తెలిపినారు. కుర్చీ పోతే మనిషి పోయినట్టే. ఈ ముక్కను ఆఫీసు భాషలో ఎలా రాయాలో నాకు తెలియలేదు.

3. మొదట తమ త్రాసును అనుమానించాను. క్షమించాలి. కోకో గోదాములో బతికినవాడు త్రాసును నమ్మాడంటే వాడికి బుర్ర లేనట్టే. రైతు బస్తా దించగానే పళ్ళెం మీద కాలి బొటనవేలు ఆనించే మహానుభావులను ఎరుగుదును. కనుక గోదాములో తూచి ముద్ర వేసిన బస్తాను భుజాన వేసుకొచ్చి తమ త్రాసుపై పెట్టాను. సరిగ్గా తూగింది. తమ గుమాస్తా నన్ను బయటికి గెంటించినది ఈ సందర్భముననే. త్రాసుపై ఫిర్యాదును ఇందుమూలముగా ఉపసంహరించుకొనుచున్నాను. ముల్లు కాస్త కుడికి వంగి ఉన్నదన్న అభిప్రాయం మాత్రం అలాగే ఉంది.

4. తదుపరి మా ఇంటిని అనుమానించాను. నీళ్ళ డ్రమ్ముకు తాళం వేశాను. ఆమె చెల్లెలు గిన్నె నిండా తెచ్చే మేకమాంసం పులుసు గుమ్మంలోనే అందుకుని నేనే తాగేశాను. "బావా, జబ్బు అక్కకా, నీకా?" అని ఆ పిల్ల వీధంతా వినేలా అరిచింది. అరవనీ. అయినా తూకం తగ్గలేదు.

5. ఇక మిగిలింది ఆమె. నేను మధ్యాహ్నం కునుకు తీయగానే మంచి బట్ట కట్టుకుని బయటికి పోతున్నది. అడిగితే గాలికి అన్నది. గాలికి పోయేవాళ్ళు పండగ బట్ట కడతారా? నిద్ర నటించి వెంట నడిచాను. తిన్నగా దర్జీ బోన్సు ఇంట్లోకి దూరింది. బోన్సుకు భార్య పోయింది. మనిషి ఇప్పటికీ తల నున్నగా దువ్వుతాడు. తమరూ భార్య గలవారే, నా స్థితి ఊహించగలరు. కిటికీ కింద కూర్చున్నాను.

మన మర్యాద తమకు తెలియనిది కాదు. ఇంటికొచ్చిన మనిషికి ముందు నీళ్ళివ్వాలి. అవి తాగాక గానీ వచ్చిన పని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. బోన్సు గ్లాసు ఇచ్చాడు. ఆమె గటగటా తాగడం నా చెవులారా విన్నాను.

"మా ఇంట అంతా చల్లగానే ఉందమ్మా. ఇక నీ రాక సంగతి చెప్పు," అన్నాడు.

"అన్నా, నేను పోయాక మా ఆయన్ని ఆదివారం ఆదివారం పిలిచి ఓ ముద్ద పెట్టు. ఎందుకు పిలిచావని అనుమానిస్తాడు. పులుసులో ఏం కలిపావని అడుగుతాడు. నువ్వు పట్టించుకోకు."

"అవేం మాటలు! ఊరుకో తల్లీ."

"నువ్వు మాటిస్తేనే లేస్తాను."

ఇచ్చాడు, అయ్యా.

అక్కడినుంచి ముసలమ్మ సెర్వా ఇంటికి వెళ్ళింది. అక్కడా గ్లాసు నిండా నీళ్ళు. "ఆయన రోకలి బాగానే వేస్తాడు పెద్దమ్మా. రోట్లో ఫూఫూ ముద్ద తిప్పడానికే ఒక చెయ్యి కావాలి. మీ కోడల్ని పంపుతావా?" అని అడిగింది. మా పెళ్ళి నాటినుంచి, ఉడికిన దుంపలను ఫూఫూకు దంచే నా రోకలి దెబ్బకీ దెబ్బకీ మధ్య చెయ్యి పెట్టి ముద్ద తిప్పింది పోమాయే. ఒక్కసారి కూడా చెయ్యి వెనక్కి తీయలేదు. నేను కిటికీ కింద ఉండలేకపోయాను.

వీధిలో ఆపి అడిగాను: "రోజూ ఇంటింటా అన్ని నీళ్ళు ఎందుకు తాగుతున్నావే? ఒక్క గుక్క తాగి పెట్టేస్తే చాలదా?"

"గుక్క తాగి పక్కన పెట్టి అంత పెద్ద మాట ఎలా అడగనయ్యా? తగువుకి వచ్చాననుకోరూ?" అన్నది. మళ్ళీ తనే, "దాహం కూడా వేసిందిలే. నీతో అబద్ధమెందుకు," అన్నది.

నడివీధిలో ఏడ్చాను. చూసినవాళ్ళు చూశారు.

పై కారణముల వలన తమరిని వేడుకొనునది ఏమనగా: ఆమె చీటీపై వ్రాసిన మాట కొట్టివేయించవలెను. ఒంట్లో చేరిన నీటిని ఒక్కసారిగా కాక నిదానంగా తీయించవలెను. కుర్చీ ఆమెకే ఉంచవలెను. ఆమె మాట వినని మనిషి కాదు, నా గురించి నలుగురి దగ్గరా మాట తీసుకుంటున్న మనిషి.

నా వంతుగా నేనూ బయలుదేరాను. ఆమె వెళ్ళిన ఇళ్ళకే వెళుతున్నాను. నిన్న బోన్సు ఇంట్లో నీళ్ళు తాగి, "మా ఆవిడకి ఇచ్చిన మాట వెనక్కి తీసుకో," అన్నాను.

"నీకేమైనా పిచ్చా? ముద్ద పెడతానంటే తప్పా?" అన్నాడు.

"మీరందరూ నన్ను చూసుకుంటామంటే ఆమె నిశ్చింతగా పోతుంది. ఆ నిశ్చింత దానికి వద్దు. నాకు దిక్కులేదని దానికి తెలియాలి."

బోన్సు దువ్వుకున్న తల రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. చివరికి సరేనన్నాడు. నమ్మవచ్చో లేదో ఇంకా తేల్చుకోలేదు.

ఈ మొరను దయతో చిత్తగించి, తదుపరి తూకం రోజుకు ముందే ఉత్తర్వు ఇప్పించవలెనని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు, పోమా భర్త,
క్వాసి అమోకో

తా.క. తమ ఇల్లు ఎక్కడని పోమా మా పాస్టరు గారిని అడిగిందట. తమరి దగ్గరికీ వస్తుంది. నీళ్ళు ఇవ్వకుండానే కూర్చోబెట్టండి, ఆ అమర్యాద నా నెత్తిన వేసుకుంటాను. నా సంగతి ఏదో చెప్పి మాట ఇమ్మంటుంది. బాబ్బాబు, కుర్చీ ఉంచండి, మాట మాత్రం ఇవ్వకండి. ఎంత బతిమాలినా ఇవ్వకండి.